ఆకు వేసే మలుపు

నాకు పుట్టుకతోనే అనుమానం ఎక్కువ. మా ఆవిడ నన్ను పేరు పెట్టి పిలవదు, అనుమానం పక్షి అంటుంది. పాలాయన పాలు పోస్తుంటే నేను గిన్నె చూడను, ఆయన చెయ్యి చూస్తాను. బస్సులో పక్కవాడు కునుకు తీస్తే నిజంగానే నిద్రపోయాడా, లేక నా సంచి కోసం కళ్ళు మూశాడా అని దారంతా చూస్తాను. అలాంటి నేను పార్శిల్ కంపెనీలో డ్రైవర్‌గా చేరాను. తీరా చేరాక తెలిసింది, ఆ పనిలో సగం స్టీరింగ్ అయితే సగం అనుమానమేనని. నా కోసమే పుట్టిన పని అనుకున్నాను.

మాది ఎర్రుపాలెం పక్క ఊరు. అంతకుముందు వరికోత మిషన్ నడిపాను, తర్వాత స్కూల్ బస్సు నడిపాను. ఖమ్మం డిపోలో కొత్త డ్రైవర్లను తీసుకుంటున్నారంటే వెళ్ళాను. లైసెన్స్ చూసి, డీసీఎం వ్యాను ఒకటి వెనక్కి తిప్పి గోడకు ఆనకుండా పెట్టమన్నారు. పెట్టాను. "బండి వచ్చు గని పని రాదు. పని నేర్సుకో" అని సూపర్‌వైజర్ నన్ను ఒక పెద్దాయన పక్కన కూర్చోబెట్టాడు. ఆ పెద్దాయన వీడికి పని వచ్చింది అంటేనే నాకు సొంతంగా బండి. అప్పటిదాకా ట్రైనింగ్, సగం జీతం.

పెద్దాయనది నేలకొండపల్లి. సన్నటి మనిషి, ఉతికి ఉతికి తెల్లబడిన ఖాకీ చొక్కా, మెడలో తువ్వాలు. చెప్పులు విడిచి సీటు కిందకి తోసి, వట్టి కాళ్ళతో బండి నడిపేవాడు. నేను మా వైపు అలవాటు కొద్దీ బాబాయ్ అన్నాను.

"మా దిక్కు కాకా అంటరు. ఏదైతేంది, అను" అన్నాడు.

మా రూటు ఖమ్మం నుంచి కొత్తగూడెం, పాల్వంచ, అక్కణ్ణుంచి అడవిలోకి దిగి ములకలపల్లి, ఆ చుట్టుపక్కల అడవి అంచు ఊళ్ళు. సెల్‌ఫోన్లు, చీరలు, మిక్సీలు, స్ప్రే పంపులు, పెళ్ళిబట్టలు, ఏవి పడితే అవి వెళ్తాయి. పెద్దాయన నాకు మొదట నేర్పింది గేర్లు కాదు, తాళం. వెనక తలుపు వేసి తాళం పెట్టాక దాన్ని పట్టుకుని గట్టిగా లాగాలి.

"లాగి సూసినవా?"

"చూశాను బాబాయ్."

"మల్ల లాగు."

ప్రతి ఊళ్ళోనూ ఇదే మాట. రెండు రంగుల టేపు ఉన్న డబ్బా ఎక్కించుకోవద్దు, మధ్యలో ఎవడో విప్పి అంటించి ఉంటాడు. ఫారెస్టు చెక్‌పోస్టు దగ్గర వాళ్ళు అడగకముందే తలుపు తియ్యాలి. అడిగాక తీస్తే లోపల టేకు దుంగలున్నాయనో, గంజాయి ఉందనో చూస్తారు. దారిలో ఎవరైనా చెయ్యెత్తి "అన్నా, గీ సంచి ములకలపల్లిల మా బావకియ్యి" అంటే ఆ బావ ముఖ్యమంత్రి అయినా సరే తీసుకోవద్దు. అన్నిటికన్నా గట్టిగా చెప్పింది ఇంకొకటి. ఈ దారిలో ఎవరు ఏమిచ్చినా నోట్లో పెట్టుకోకూడదు. ఎప్పుడో ఒక డ్రైవర్‌కి ఎవరో మజ్జిగ ఇచ్చారట, తాగి లేచేసరికి బండిలో లోడూ లేదు, డీజిలూ లేదు.

"ఎవ్వల్ని నమ్మకు పిలగా. నన్ను గూడ నమ్మకు" అనేవాడు.

ఆ మాట మాత్రం నేను వెంటనే పాటించాను.

ఎందుకంటే ఆయన పనులు అలాగే ఉండేవి. పాల్వంచ దాటి అడవిలో కొంత దూరం పోయాక గుట్ట ఎక్కే ముందు ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడ చెట్టు మొదట్లో పసుపు పూసిన రాయి, దాని ముందు ఎండిన ఆకుల కుప్ప. మైసమ్మ అంటారు. ఆ దారిలో పోయే డ్రైవర్లు దిగి ఒక కొమ్మ విరిచి ఆకు వేసి, దండం పెట్టి ఎక్కుతారు. తీరిక లేనివాళ్ళు హారన్ కొట్టి పోతారు. మా పెద్దాయన మాత్రం రోజూ అక్కడ బండి ఆపి, తాళంచెవి జేబులో వేసుకుని, "అమ్మకు ఆకేసొస్త, నువ్వు లోడు కాడుండు" అని దిగిపోయేవాడు. ఆకు వెయ్యడానికి ఎంతసేపు పడుతుంది? ఈయన రాయి దాటి, వెనకున్న బండరాళ్ళ చాటుకు పోయి చాలాసేపు వచ్చేవాడు కాదు. పోతూ పోతూ అన్నం డబ్బా తీసుకుపోయేవాడు. అమ్మవారికి ఆకుతో పాటు పప్పన్నం కూడా పెడుతున్నాడా అని నాలో నేనే వెటకారం చేసుకున్నాను గానీ, లోపల మాత్రం తేలు పాకినట్టు ఉండేది.

వచ్చాక స్టీరింగ్ నాకిచ్చేవాడు. ఎవరైనా కొత్తవాడికి ముందు తిన్నటి రోడ్డు ఇస్తారు. ఈయన కొత్తగూడెం రోడ్డంతా తనే నడిపి, సరిగ్గా గుట్ట మలుపులు మొదలయ్యే చోట, అదీ నిండు లోడుతో, నా చేతికిచ్చి తను పక్కన కూర్చునేవాడు. ఏదైనా అయితే కెమెరాలో నా మొహం కనపడాలనే కదా! అద్దం పైన డ్రైవర్ సీటు వైపు తిప్పిన వేలెడంత కెమెరా ఉంది మరి, డ్రైవర్ ఆవలిస్తే కూడా ఖమ్మంలో కనపడుతుంది.

ఇంకా ఉన్నాయి. పార్శిళ్ళ మధ్య, పాత గోనె చుట్టి, ఒక చిన్న స్టీలు ఫ్లాస్కు దాచేవాడు. టీ ఉంటుందేమో అని ఒకసారి అడిగాను. "నీకెందుకు?" అన్నాడు. అంతవరకూ ఆయన నాతో ఆ గొంతుతో మాట్లాడలేదు. తర్వాత ఒకరోజు క్యాబిన్ ఊడుస్తుంటే సీటు కింద, ఆయన చెప్పుల పక్కన, నారింజ రంగు ప్లాస్టిక్ మూత ఒకటి దొరికింది. చిటికెన వేలు గోరంత సన్నం. ఇంజెక్షన్ సూది మూత. అడవి, ఫ్లాస్కు, సూది, బండరాళ్ళ చాటు. సరిహద్దు అవతల్నుంచి ఏమేం దిగుతాయో ఈ దారిలో నడిచేవాళ్ళకు ఎవరూ చెప్పక్కర్లేదు. ఈ ముసలాయన మత్తు మందు అయినా ఎక్కించుకుంటున్నాడు, లేదా అమ్ముతున్నాడు అనుకున్నాను. ఆ మూతని కాగితంలో చుట్టి జేబులో పెట్టుకున్నాను.

సరిగ్గా అప్పుడే సూపర్‌వైజర్ నన్ను పక్కకు పిలిచాడు.

"మీ బండి రోజూ ఆ మలుపుల ఆగుతుంది. కంప్యూటర్ల సూస్తున్న. ఏం చేస్తున్నడు ఆయన?"

"మైసమ్మకు ఆకు వేస్తాడు సార్."

"ఆకు ఎయ్యనీకి గంతసేపా? నువ్వు కనిపెట్టి చెప్పు. నీతోని చేరినోళ్ళందరికి బండ్లు ఇచ్చినం, నీకు ఇంకా రాలేదు. ఈ ఒక్క పని చెయ్యి, ఆ రూటు నీకే రాస్త."

ఆ రూటు నాకు రావాలంటే పెద్దాయన ఉండకూడదు. ఆ సంగతి సూపర్‌వైజర్ చెప్పలేదు, నేనూ అడగలేదు. నిజం చెప్పాలంటే నాకు సంతోషమే వేసింది. సగం జీతంతో ఇల్లు లాగడం కష్టంగా ఉంది. పైగా నాతో చేరినవాళ్ళు బండ్లు తీసుకుని, "ఏంది బావా, ఇంకా పక్క సీట్లనే ఉన్నవా?" అని ఆటపట్టిస్తుంటే ఒళ్ళు మండిపోయేది.

మర్నాడు ఎండ మండుతోంది. తొలకరి ఇంకా పడలేదు. మలుపు దగ్గర ఎప్పట్లాగే బండి ఆపి, డబ్బా పట్టుకుని, ఫ్లాస్కును తువ్వాలులో చుట్టుకుని దిగాడు. నేను కాస్త ఆగి, వెనక తలుపు తాళం లాగి చూసి, ఆయన వెనకాలే వెళ్ళాను. ఎండిన టేకాకుల మీద నడవడమంటే అప్పడాల మీద నడిచినట్టే. ఒక్కో అడుగూ ఏరుకుంటూ వేసి బండ చాటుకు చేరి తొంగిచూశాను.

చొక్కా పైకెత్తి, పొట్ట మీద చర్మం రెండు వేళ్ళతో పట్టుకుని, సూది గుచ్చుకుంటున్నాడు. పక్కన రాయి మీద అన్నం డబ్బా, మూత కూడా తీయలేదు.

చూడగానే తెలిసిపోయింది. మా మేనత్త కూడా అలాగే పొట్టకు పొడుచుకునేది. షుగరు. ఇన్సులిన్. ఆ మందు చల్లగా ఉండాలనే ఫ్లాస్కు. ఇన్సులిన్ మీద ఉన్నవాళ్ళను మా కంపెనీ స్టీరింగ్ మీద ఉంచదు, చేరినరోజే డాక్టరు పరీక్షలో ఆ ముక్క అడుగుతారు. కెమెరాకు కనపడకుండా, ఎవరికీ తెలియకుండా, ఈయన రోజూ ఈ అడవిలో సూది వేసుకుని అన్నం తిని వస్తున్నాడు.

మత్తు మందు కాదని తెలిస్తే ఎవరికైనా మనసు తేలికపడుతుంది. నాకు పడలేదు, కోపం వచ్చింది. ఇన్నాళ్ళూ ఈ మనిషి నడుపుతుంటే పక్కన కూర్చుని నేను నిద్రపోయాను. కళ్ళు తిరిగితే ఇద్దరం ఏ లోయలోనో ఉండేవాళ్ళం. ఆ కోపంలో కాలు కదిలింది, ఆకులు కరకరమన్నాయి.

ఆయన వెనక్కి తిరిగాడు. చొక్కా దించుకున్నాడు.

"సూసినవా? ఇగ పో. పోయి చెప్పుకో. దీనికే గద నిన్ను పంపింది" అన్నాడు. సూదీ ఫ్లాస్కూ తువ్వాలులో చుట్టుకుని, నన్ను దాటుకుని, విసవిసా బండి దగ్గరకు పోయి తాళంచెవి డ్రైవర్ సీట్లోకి విసిరాడు. నేను ఎక్కి బండి తీశాను. ఆయన అద్దంలోంచి అడవినే చూస్తున్నాడు. నేను సూపర్‌వైజర్‌తో చెప్పాల్సిన మాటలు ఒకదాని పక్కన ఒకటి పేర్చుకుంటున్నాను. బండి నాదే ఇక.

గుట్ట దిగి కొంచెం దూరం పోయామో లేదో రోడ్డుకు అడ్డంగా తాడు. ముందు ఒక ట్రాక్టరు, రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. తాడు అటొక కొస, ఇటొక కొస పట్టుకుని ఆడవాళ్ళు, తలల్లో ఆకులు తురుముకుని, పాడుతూ ఆడుతూ ఉన్నారు. ఒక్క మగవాడు కూడా లేడు. దోపిడీ అనుకున్నాను. రివర్స్ గేరు వేశాను కూడా.

"గూడెమోళ్ళ ఇత్తనాల పండుగ" అన్నాడు పెద్దాయన, ఎటో చూస్తూనే. "మొగోళ్ళు ఏటకు పోతరు. ఆడోళ్ళు తొవ్వకు తాడు కడతరు. చందా ఇస్తే ఇడుస్తరు." ఆ మాటలు ఆయన నోట్లో ముద్దముద్దగా వచ్చాయి.

ట్రాక్టరువాడు బేరమాడుతున్నాడు. పాట ఆగడం లేదు. ఎండకు క్యాబిన్ కాగిపోతోంది. పెద్దాయన చొక్కా తడిసి ఒంటికి అంటుకుంది, చేతులు వణుకుతున్నాయి. ఏదో గొణుగుతున్నాడు. "తాళం లాగినవా... తాళం లాగు..." అని మళ్ళీ మళ్ళీ అంటున్నాడు. ముందు నాటకం అనుకున్నాను. చెప్పొద్దని బతిమాలడానికి ముసలాయన వేషం వేస్తున్నాడు అనుకున్నాను. ఆయన కళ్ళు నా వైపు తిరిగాయి గానీ నన్ను చూడలేదు. అప్పుడు మా మేనత్త గుర్తొచ్చింది. ఒక పెళ్ళిలో సూది వేసుకున్నాక భోజనాలు ఆలస్యమై, అచ్చం ఇలాగే చెమటలు పట్టి, మతి లేకుండా మాట్లాడి, కుర్చీలోంచి జారిపోయింది. ఎవరో పరిగెత్తి చక్కెర తెచ్చి నోట్లో పోశారు.

డబ్బా కోసం వెతికాను. లేదు. బండ మీదే ఉండిపోయింది. సూది వేసుకున్నాడు, ఒక్క మెతుకు తినలేదు. నేను ఆకుల మీద కాలు పెట్టడం వల్ల.

బండి ఆపి దిగి, తాడు దగ్గరకు పరిగెత్తాను. "అమ్మా, తీపి ఏదన్నా ఉందా? బెల్లం, చక్కెర, ఏదైనా. మనిషి పడిపోతున్నాడు!" అని అరిచాను. పాట ఆగింది. వాళ్ళు వాళ్ళ భాషలో ఏదో అనుకున్నారు. ఒక పెద్దామె కొంగు ముడి విప్పి నల్లటి ముద్ద ఒకటి నా చేతిలో పెట్టింది.

"ఏందమ్మా ఇది?"

"ఇప్పపువ్వు, బెల్లం. దంచినం."

ఇప్పపువ్వు అనగానే, ఆ స్థితిలో కూడా, నా బుర్ర దాని పని అది చేసింది. ఇప్పపువ్వంటే నాకు తెలిసింది సారా ఒక్కటే. మత్తెక్కుతుందేమో, వాసనొస్తే డిపోలో తాగాడంటారేమో అనుకుంటూ నిలబడ్డాను. పెద్దామె నన్ను ఎగాదిగా చూసి, "సారా గాదు బిడ్డా, మా పిల్లలు తింటరు. పెట్టుపో" అని కసిరింది.

క్యాబిన్‌లోకి ఎక్కి ముద్ద విరిచి ఆయన నోటి దగ్గర పెట్టాను. పళ్ళు బిగపట్టాడు. చెయ్యి తోసేశాడు.

"ఎవ్వలిచ్చింది... నోట్ల పెట్టద్దని... చెప్పిన గద."

"బెల్లం బాబాయ్, తిను."

"నువ్వు ఆళ్ళ మనిషివి. ఏం కలిపినవ్?"

నాకు ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది. నమ్మొద్దని నాకు నేర్పిన పాఠమంతా ఆయన నాకే అప్పజెబుతున్నాడు. బలవంతంగా పెడదామంటే గొంతుకు అడ్డం పడుతుందేమో. అప్పుడు ఆయన చూస్తుండగా ఆ ముద్దలో ఒక ముక్క నా నోట్లో వేసుకుని నమిలాను. మింగాను. నోరు తెరిచి చూపించాను. "చూడు. నేను తిన్నాను. నాకేం కాలేదు. ఇప్పుడు నువ్వు తిను."

ఆయన నా నోటి వైపు చూశాడు. బిగపట్టిన పళ్ళు మెల్లగా విడిపోయాయి. చిటికెడు పెట్టాను, చప్పరించాడు. ఇంకో చిటికెడు. ప్రతిసారీ నేను కొంచెం తిన్నాకే ఆయన తిన్నాడు. పెద్దామె నీళ్ళు తెచ్చి బండి మెట్టు మీద పెట్టి నిలబడింది. ముద్ద అయిపోయేసరికి ఆయన కళ్ళు నన్ను చూడడం మొదలుపెట్టాయి. ఇంకొక ముద్ద, దాని వెనకాల అడ్డాకులో జొన్న సంకటి పెట్టి ఇచ్చారు. తిన్నాడు. వాళ్ళు తాడు దించి, మా ఇద్దరి నుదుటా పసుపు పూసి, చందా ఇవ్వబోతే వద్దన్నారు.

బండి నీడకు తీసి ఆపాను. దిగి, కెమెరా చూడని వైపు, ముందు చక్రం పక్కన ఇద్దరం కూలబడ్డాం. ఆయనే మొదలుపెట్టాడు.

"నీకు పని ఎప్పుడో వచ్చింది పిలగా. రెండో వారంలనే వచ్చింది."

నాకు అర్థం కాలేదు.

"ఇంకా రాలేదని నేనే చెప్తున్న. నీకు బండిస్తే నా పక్క సీట్ల ఎవడుంటడు? సూదేసుకున్నంక ఈ మలుపులు నేను నడపలేను. ఒక్కన్నే ఉన్నప్పుడు ఒకపాలి సెట్టు దాక పోయి ఆగింది బండి. అప్పటిసంది కొత్తోళ్ళను అడిగి తీసుకుంటున్న. దసరాకు డిపోల గేటు కాడ మనిషి ఇగ మానేస్తడు, ఆ పని నాకిస్తమన్నరు. అందాక లాగుదామని."

చూశారా, నా అనుమానం అబద్ధం కాదు. ఈ మనిషి నన్ను వాడుకుంటూనే ఉన్నాడు. నేను పక్క సీట్లో ఎగతాళి పడుతూ, సగం జీతం తెచ్చుకుంటూ కూర్చున్నది ఈయన నోటి మాట వల్లే. చెడ్డ కోపం వచ్చింది. "మా ఇంట్లో ఎట్లా గడుస్తుందో తెలుసా మీకు?" అని అరిచాను. ఆయన తల దించుకుని, "తెల్సు" అన్నాడు. అంతే అన్నాడు. ఇంకేదైనా సాకు చెప్పి ఉంటే ఆ సాయంత్రమే నేను సూపర్‌వైజర్‌కి అంతా చెప్పేసేవాణ్ణి.

ములకలపల్లిలో పార్శిళ్ళు దించి తిరిగి వస్తూ మలుపు దగ్గర ఆగాం. డబ్బా కోసం నేనే వెళ్ళాను. చీమలు పట్టి ఉంది. వస్తూ వస్తూ రాయి ముందు నిలబడ్డాను. నాకు దేవుళ్ళ మీద కూడా పెద్ద నమ్మకం లేదు. అయినా ఒక కొమ్మ విరిచి ఆకు వేశాను. ఎందుకు వేశానో మర్నాటి దాకా నాకూ సరిగ్గా తెలియదు.

మర్నాడు పొద్దున డిపోలో లోడు ఎక్కిస్తుండగా సూపర్‌వైజర్ వచ్చాడు. పెద్దాయన బండి వెనక తలుపు దగ్గరున్నాడు, మాటలు వినపడేంత దూరంలోనే.

"ఏం కనిపెట్టినవ్?"

"మైసమ్మకు ఆకు వేస్తున్నాం సార్. నిన్న నేను కూడా వేశాను. ఆయన అక్కడే అన్నం తిన్నాకే బయల్దేరతాం, అందుకే ఆలస్యం."

అందులో ఒక్క మాట కూడా అబద్ధం కాదు. సూపర్‌వైజర్ చేతిలో ఫోను అటూ ఇటూ తిప్పాడు.

"సరే. మీ ఉస్తాద్ ఇయ్యాల పొద్దున్నే వచ్చి చెప్పిండు, నీకు పని పూర్తిగ వచ్చిందట. రేపటిసంది ఒక బండి తీస్కో."

నేను తిరిగి చూశాను. పెద్దాయన నా వైపు చూడటం లేదు. తలుపుకు తాళం వేసి, తాళంచెవి గుత్తి చేతిలో పట్టుకుని, సిమెంటు నేల మీద ఏదో ఉన్నట్టు కిందకి చూస్తున్నాడు. ఆయన జేబులో గోనె చుట్టిన ఫ్లాస్కు ఎత్తుగా కనపడుతోంది.

"ఇంకా రాలేదు సార్" అన్నాను. "గుట్ట మలుపుల్లో లోడుతో చెయ్యి కుదరట్లేదు. దసరా దాకా ఆయన దగ్గరే నేర్చుకుంటాను. అందాకా ఆ మలుపులన్నీ నేనే నడుపుతాను, ఆయన పక్కన కూర్చుని చెప్తాడు."

చేతికొచ్చిన బండి వద్దనే డ్రైవర్‌ని సూపర్‌వైజర్ అంతవరకూ చూసి ఉండడు. నేను పాలాయన చెయ్యి చూసినట్టు చూశాడు నన్ను. తల విదిలించి వెళ్ళిపోయాడు.

నేను బండి వెనక్కి వెళ్ళాను. పెద్దాయన తలుపు ముందు నుంచి పక్కకు జరిగాడు. "తాళం లాగి సూసినవా?" అన్నాడు.

"మీరే వేశారుగా బాబాయ్."

"నేనేస్తే? లాగు."

లాగాను.